చంకలో గడ్డ, నోట్లో బేరం

ఈ కథలో ఒక చంక నాశనమవుతుంది. అది నాదే. నాశనం చేసిందీ నేనే. డాక్టరమ్మ తప్పేం లేదని ముందే రాసిస్తున్నాను.

నరసరావుపేటలో మాది బట్టల కొట్టు. అవసరం మొహంలో కనపడితే రేటు పెరుగుద్దని మా నాన్న నేర్పాడు. ఆ పాఠం నాకెంత వంటబట్టిందంటే, నాలుక పిడచకట్టుకుపోతున్నా సోడా బండి దగ్గర ఆకాశం వంక చూస్తూ నిలబడతాను.

నాలుగేళ్ళుగా కుడి చంకలో గడ్డలు. ఒకటి పగిలి మానేలోపు పక్కన ఇంకోటి. చెయ్యి లేస్తేనే పై అరలో చీర కిందికి దిగేది. అది లేవకపోతే కొట్టుకు తాళమే. నా భార్య పద్మ పోరు పడలేక, కోయించుకుందామనే తనని వెంటబెట్టుకుని గుంటూరెళ్ళాను. తీరా ఆస్పత్రిలో రంగు చేపల తొట్టి చూడగానే అనుమానం పట్టుకుంది. ఇన్ని చేపల్ని ఎవరి చర్మంతో మేపుతున్నారో!

“ఎన్నాళ్ళ నుంచి?” అంది డాక్టరమ్మ.

“ఈమధ్యేనండి.”

“చీము కారుతుందా?”

“అబ్బే, చెమట.”

పద్మ నోరు తెరవబోతే కాలు తొక్కాను. చిరుగున్న చీరకి మడత మార్చి చూపించినట్టు, బనీను పక్కకి లాగి ఒకే ఒక్క గడ్డ చూపించాను. చెయ్యెత్తమంటే పళ్ళు బిగించి, బస్సు ఆపేవాడిలా సగం ఎత్తి నవ్వాను.

“ఇంతేనా? దీనికి కోతెందుకు. మందు రాస్తాను, నెలకి రండి” అంది.

మెట్లు దిగుతూ మీసం దువ్వాను.

“ఏందండీ, కోయించుకోవడానికొచ్చి కొయ్యొద్దని బేరమాడారా?” అంది పద్మ.

చూపించందే డాక్టరైనా కొయ్యదని అప్పుడు నాకు తట్టలా. నెలకి రమ్మన్నదీ ఏదో అంటగట్టడానికేనని మానేశాను.

మూడో నెలలో ఈపూరు నుంచి పెళ్ళి బట్టలకొచ్చిన ఒక పెద్దమ్మ పై అరలో పట్టుచీర చూపించమంది. ఎత్తాను. చంకలో చెరువు కట్ట తెగింది. చొక్కా తడిసింది, వాసన బల్ల దాటింది. పెద్దమ్మ ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని, “ఒరేయ్ అబ్బాయ్, చీర తర్వాత చూద్దాం, ముందు నువ్వు ఆస్పత్రికి పో” అంది.

ఈసారి డాక్టరమ్మ నన్నేమీ అడగలా, అన్నీ పద్మనే అడిగింది. చర్మం కింద గడ్డలన్నీ సొరంగాలు తవ్వుకుని కలిసిపోయాయట. ఆ మేరంతా తీసేసి, తొడ మీద నుంచి పల్చగా చర్మం తెచ్చి అతకాలట. మళ్ళీ అనుమానం. అతకగా మిగిలిన ముక్క ఎవరికి? జాకెట్టు కుట్టే దర్జీని గుడ్డ ముక్క అడిగినట్టే అడిగాను. పద్మ తల పట్టుకుంది.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాను. ఎంత మేర కొయ్యాలో డాక్టరమ్మ చంక చుట్టూ పెన్నుతో గీత గీస్తోంది. నోరు ఊరుకోదుగా!

“మేడం, అరచేతంత ఎందుకండి? కాస్త లోపలికి గీయండి.”

ఆవిడ పెన్ను ఆపింది. “మూడు నెలల కింద నిజం చెప్పుంటే ఇందులో సగం సరిపోయేది. రెట్టింపు చేసుకుంది మీరే.”

తాత ముత్తాతల కాడి నుంచి మా ఇంట్లో బేరమాడాక పెరిగిన అంకె అదొక్కటే.

అతుకు పట్టింది. చెయ్యి ఇప్పుడు పై అర దాకా లేస్తోంది. ఆ చెయ్యెత్తే ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరు ముందూ నా రోగాన్ని తగ్గించి చెప్పను. పంటి నొప్పికెళ్ళినా ప్రాణం పోతోందనే అంటాను. తగ్గించుకునే బాధ ఇక వాళ్ళది.