చనిపోయినవారి ఖాతాలు

మా ముత్తాత నాలుగు ఊళ్లకు కరణం. మా తాతా కరణమే. పొలం ఎవరిదన్నది వాళ్లు రాస్తేనే తేలేది. వాళ్ల ముందు ఎవరైనా చెప్పులు విడిచి నిలబడేవారు. నేను బేతంచెర్లలో నాపబండల వ్యాపారులకు వెబ్‌సైటు రాసిపెట్టే జీతగాణ్ని.

ఎవరి దగ్గర ఏ బండలున్నాయో కొనేవాళ్లు దూరం నుంచే చూసుకోవడానికి ఆ సైటు. సైటు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కులో యూజర్ ఖాతా ముందే సిద్ధంగా ఉంటుంది. బండల వివరాలకు సొంతంగా ఒక మోడల్, అంటే ఏ వివరం ఎక్కడ దాచాలో చెప్పే పట్టిక, రాసుకొని, దాన్ని ఆ ఖాతాకు ముడివేయాలి. రేపు ఖాతా తీసేస్తే ఆ వివరాలు ఏం కావాలో కూడా అప్పుడే చెప్పాలి. ఖాతాతోపాటే పోవాలని రాశాను. మనిషే లేనప్పుడు అతని పేరిట సరుకేమిటి? కరణం ఇంటివాణ్ని, నాకది న్యాయంగానే తోచింది.

ఇక్కడ క్వారీ తండ్రి పేరు మీదే ఉంటుంది. ఆయన పోయినా కొడుకులు ఆ పేరుతోనే నడుపుతారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, ఒకరోజు పొద్దున్నే కూర్చుని, చనిపోయినవారి ఖాతాలన్నీ తీసేశాను.

మధ్యాహ్నానికి ఒక క్వారీ ఆయన వచ్చాడు.

"ఏమప్పా, మా బండలు యాడికి పోయినాయి? కడప నుంచి కొనేటాయన ఫోన్ చేసినాడు. సైటులో నీ సరుకే లేదంటాండాడు."

"ఆ ఖాతా మీ నాన్నగారిది. రికార్డులో బతికున్నవారి పేరే ఉండాలి," అన్నాను.

"మా నాయన పోయినాడు గానీ బండలు పోలేదు గదప్పా! మీ తాతలు ఊరి పొలాలన్నీ రాసినారంట. నువ్వు మా నాలుగు బండలు తుడిచిపెడితివే!"

నా దగ్గరున్న సైటు నకలు పాతది. ఆ వారం వచ్చిన సరుకు అందులో లేదు. అతని వెంట యార్డుకు పోయి, ఎండలో బండల మధ్య వరస వరసా తిరిగి, టేపు పట్టి కొలిచి, మళ్లీ ఎక్కించాను. అంతలో కడప ఆయన పక్క యార్డులో కొనుక్కున్నాడని ఫోన్ వచ్చింది.

అతను అరవలేదు. "మళ్లా మా నాయన పేరే పెట్టప్పా. ఆ పేరు సూసే వస్తారు," అన్నాడు.

పెట్టాను. ఖాతా పోయినా వివరాలు మిగిలేటట్టు మోడల్‌ను మార్చాను. తప్పు నాదేనన్న మాట నోటిదాకానే వచ్చింది.

బద్వేలులో మా ఇల్లూ తాత పోయాక చాలాకాలం ఆయన పేరు మీదే ఉండేది. దాన్ని నా పేరుకు మార్చుకున్నది అమ్మడానికే. ఒక బట్టల వ్యాపారి కొన్నాడు, జనం చెప్పులు విడిచిన ఆ గుమ్మం తలుపులతో సహా.