పడుకోబెట్టిన ముక్క

మా అమ్మాయికి పదేళ్ళు. రాక్షసుల బొమ్మలుండే ముక్కలాట ఆడుతుంది, అదీ ఫోన్లో. ఎవరి వంతో ఫోనే చెబుతుంది. తప్పు ముక్క వెయ్యబోతే వెయ్యనివ్వదు. పోట్లాడుకోవడానికి చోటే లేని ఆట అది. మా చిన్నప్పుడు అదే ఆటని మేము అట్ట ముక్కలతో ఆడేవాళ్ళం. ఆడిన దానికన్నా పోట్లాడుకున్నదే ఎక్కువ.

మొన్న వేసవి సెలవుల్లో రాజమండ్రిలో మా అద్దింటి అటక సర్దుతుంటే పాత బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. నేను చూసేలోపే మా అమ్మాయి మూత తీసేసింది. లోపల నలభై ముక్కలున్నాయి. కట్టిన రబ్బరు బ్యాండు కరిగి పై ముక్కకి అంటుకుపోయింది. మా అమ్మాయి ఒక్కొక్కటే తీసి నేల మీద పరుస్తుంటే నేను సర్దడం మానేసి పక్కన కూలబడ్డాను. ఇనుప రెక్కల గద్ద ముక్క బయటికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది.

మా ఊరు ద్రాక్షారామం దాటాక కాలవ గట్టు మీద ఉంటుంది. గట్టుకి ఇటు వరి పండించుకునే మా ఇళ్ళు, అటు పడవలూ వలలూ ఉన్నవాళ్ళ ఇళ్ళు. మధ్యలో సన్నటి వంతెన. రెండు గట్లకీ ఒకటే బడి. ఆ బడిలో నా పక్కన కూర్చునే పిల్లది అటు గట్టు. వాళ్ళమ్మ పొద్దున్నే తట్టలో చేపలు పెట్టుకుని మా వీధికి వచ్చేది. సెలవు రోజుల్లో వాళ్ళమ్మ వెనకే ఇదీ వచ్చి, తట్ట మా అరుగు మీద దిగీ దిగకుండానే లోపలికి పరిగెత్తుకొచ్చేది.

కేబుల్లో ఆ కార్టూన్ రావడం మొదలైన ఏడాది, బడి ఎదురు కొట్లో ఈ ముక్కల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడేవి. ఎవరు అచ్చువేసేవారో గానీ రంగు ఒక పక్కకి జరిగిపోయి, కొందరు రాక్షసులకి మూడు కళ్ళు కనిపించేవి. రూల్సు కాగితం ఉండేది కాదు. ఉన్నా చదివేంత ఇంగ్లీషు మాకు లేదు. కార్టూన్లో చూసింది కొంత, మేము కల్పించుకున్నది కొంత.

మాకు తెలిసింది ఇంతే. ప్రతి ముక్క మీదా రెండు అంకెలుంటాయి. ముక్కని నిలువుగా, బొమ్మ కనిపించేలా పెడితే అది నిలబడినట్టు. అప్పుడు పెద్ద అంకెతో పోరాడుతుంది. అడ్డంగా, బొమ్మ కిందికి ఉండేలా పెడితే పడుకున్నట్టు. అప్పుడు రెండో అంకే లెక్క. పడుకున్నది ఏ రాక్షసో ఎదుటివాళ్ళకి తెలియదు. ధైర్యం చేసి నిలబడిన ముక్కతో దాని మీదికి వెళ్ళి, తిప్పి చూడాలి. ఓడిన ముక్క గెలిచినవాళ్ళది. ఈ చివరిది మా ఊరి రూలు.

అసలు తగువంతా పడుకోబెట్టిన ముక్కని ఎప్పుడు లేపాలన్న దాని మీదే. నా స్నేహితురాలు ఇలా పెట్టి అలా లేపేసేది. నేనైతే అది పెట్టీ పెట్టగానే మీద పడిపోయేదాన్ని. ఒకరోజు జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఆ ముందు రోజే మొక్కు తీర్చుకోవడానికి గుడిలో ఒక నిద్ర చేసి వచ్చింది. మంచం మీద నడుం వాల్చిందల్లా మా గోలకి లేచి కూర్చుంది.

"పడుకోబెట్టి వెంటనే లేపేస్తారేంటే? ఒక నిద్ర చెయ్యనివ్వండి దాన్ని" అంది.

విసుగుతో అన్న మాట మాకు శాసనమైపోయింది. ఆ రోజు నుంచి పడుకోబెట్టిన ప్రతి ముక్కా ఒక నిద్ర చెయ్యాల్సిందే. తెల్లారేదాకా దాన్ని పెట్టినవాళ్ళు లేపకూడదు, ఎదుటివాళ్ళు తాకకూడదు. అందుకే మా ఆట ఒక్కోటీ వారాల తరబడి సాగేది. కార్టూన్లో అరగంటలో తేల్చుకునే యుద్ధం మా ఇంట్లో నారుమడి వేసినప్పుడు మొదలై ఊడుపులప్పుడు తేలేది. ముక్కలన్నీ ఒక పీట మీద పేర్చి, పైన చేట బోర్లించి, గాదె కిందికి తోసేవాళ్ళం. కాపలా మామ్మదే. చేట ఎవరూ ఎత్తకుండా చూస్తానని మాటిచ్చింది గానీ ఆవిడ మధ్యాహ్నం నిద్ర సంగతి ఊరందరికీ తెలిసిందే.

ఆ రోజుల్లో ఉన్న నిశ్చింత నాకు మళ్ళీ దొరకలేదు. బళ్ళో కూర్చున్నా చేట కింద ఏ రాక్షసి పడుకుందా అనే ఆలోచన. గంట కొట్టగానే ఇద్దరం వంతెన దాకా పరుగు. దానికి నా కన్నా తెలివి ఎక్కువ, నాకు దాని కన్నా ముక్కలు ఎక్కువ. కాబట్టి ఆట సరిసమానంగా ఉండేది.

నా ముక్కల్లో గొప్పది ఆ గద్ద. నిలబడితే రెండువేల నాలుగు వందలు. ఊళ్ళో దాన్ని కొట్టే ముక్క లేదు. తలకి నూనె రాసుకుని అదే చేత్తో పట్టుకోవడం వల్ల బొమ్మ మూల మీద చిన్న మరక పడింది. ఆ మరక చూసుకుని కూడా మురిసిపోయేదాన్ని, నాదనే గుర్తు కదా అని. ఒక సోమవారం బళ్ళో జామెట్రీ బాక్సు తెరిస్తే గద్ద లేదు. ఇల్లంతా వెతికాను. పుస్తకాలన్నీ దులిపాను. నాతో పాటు నా స్నేహితురాలూ వెతికింది. బెంచీల కింద దూరి గౌను మాపుకుంది కూడా. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. పక్క క్లాసు పిల్లలందరినీ అనుమానించాను, ఒక్క దీన్ని తప్ప.

శనివారం సాయంత్రం ఎప్పట్లాగే ఆడాం. నా వైపు ఎద్దు ముక్క నిలబడి ఉంది, పదిహేడు వందలది. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, ఒక ముక్కని సరిగ్గా నా ఎద్దుకి ఎదురుగా పడుకోబెట్టింది.

"రేపు నీ వంతు. ఎద్దుతోనే కొట్టు" అంది.

ఏదో ఎత్తు వేసిందని అనుకున్నాను. ఎద్దుతోనే కొట్టమందంటే ఎద్దుని లాగేసుకోవడానికే అని నా మనసు ఒకటే పోరు. నాకు కోపం ముక్కు మీదుంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఓపికా తక్కువే. ఆదివారం తెల్లారింది గానీ అది ఇంకా రాలేదు. అది లేకుండా తిప్పడం తప్పని తెలుసు. ఇద్దరూ ఉంటేనే లేపడం. మామ్మ అరుగు మీద ఉంది. చేట ఎత్తి, గోటితో ముక్క మూల లేపి చూశాను. నూనె మరక కనిపించింది.

తరవాత ఏం చేశానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే. ముక్క పట్టుకుని వీధిలోకి వచ్చాను. అప్పుడే వాళ్ళమ్మ తట్ట దించింది. మామ్మ గొరక చేపల బేరంలో ఉంది. ఇది నన్ను చూసి నవ్వుతూ మెట్టెక్కబోతోంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ గద్దని పైకెత్తి చూపించి, "దొంగ" అన్నాను. ఒక్కసారి కాదు, మూడుసార్లన్నాను.

అది మెట్టు మీదే ఆగిపోయింది. వాళ్ళమ్మ దాని మొహం చూసింది, నా చేతిలో ముక్క చూసింది. బేరమాడిన చేపల్ని మామ్మ గిన్నెలో వదిలేసి, తట్ట నెత్తిన పెట్టుకుని, పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తట్ట మళ్ళీ మా వీధికి రాలేదు. ఆ మాట ఇటు గట్టు పిల్ల నోట్లోంచి అటు గట్టు పిల్ల మీద పడితే ఎంత బరువుంటుందో అప్పుడు నాకు తెలియదు. పెద్దవాళ్ళకి తెలిసింది. సోమవారం అది బళ్ళో చివరి బెంచీకి మారిపోయింది.

మామ్మ ఆ రోజు నన్ను తిట్టలేదు. చేపలు కడుగుతూ ఒకటే అడిగింది.

"ఇంకా లేపలేదుగా, అది నీ ముక్కేనని నీకెలా తెలిసిందే?"

 అయినా దొంగతనం ముందు దొంగచూపు ఏపాటిదిలే అనుకుని సర్దుకున్నాను. పాతికేళ్ళుగా అలాగే సర్దుకుంటూ వచ్చాను.

ఈ కథంతా అటక కింద కూర్చుని మా అమ్మాయికి చెప్పాను. ఒక నిద్ర రూలుకి అది పడీ పడీ నవ్వింది. అసలు రూల్లో రాత్రి గొడవేమీ లేదట. పడుకోబెట్టిన వంతులోనే పెట్టినవాళ్ళు లేపకూడదు, అంతే. ఎదుటివాళ్ళు తమ వంతు రాగానే వచ్చి కొట్టొచ్చట. చెబుతూనే గద్ద ముక్క తీసుకుని అంకెలు చూసింది. నవ్వడం ఆపేసింది.

"అమ్మా, దీన్ని ఎవరైనా పడుకోబెడతారా? నిలబడితే ఇరవై నాలుగు వందలు, పడుకుంటే రెండొందలే. నీ ఎద్దు కొడితే చచ్చిపోతుంది కదా" అంది.

నేను ముక్క లాక్కుని చూశాను. రెండో అంకె రెండు వందలే. అది నాకు తెలియనిది కాదు, నా ముక్కే కదా. మరక చూసిన కోపంలో అంకె చూడలేదు, అంతే. గద్దని ఉంచుకోవాలనుకున్న పిల్లయితే నిలబెట్టి నా ముక్కలన్నీ ఊడ్చేసేది, లేకపోతే అసలు బయటికే తీసేది కాదు. పడుకోబెట్టి, సరిగ్గా ఎద్దుకి ఎదురుగా పెట్టి, ఎద్దుతోనే కొట్టమని కూడా చెప్పింది. ఓడిన ముక్క గెలిచినవాళ్ళది. తీసింది తనే అని నోటితో చెప్పకుండా, నా ముక్క నాకు ఇచ్చేయడానికి ఆ పదకొండేళ్ళ పిల్లకి దొరికిన దారి అదొక్కటే. ఆ దారికి నేనే అడ్డుపడ్డాను. మా అమ్మాయి ముందు ఏడవకూడదని లేచి వంటింట్లోకి వెళ్ళాను, గానీ అక్కడ ఏడిచాను.

నా చిన్ననాటి స్నేహితురాలు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని లేదు. నాలుగేళ్ళుగా మా ఇంటి దగ్గర చేపల మార్కెట్లో దాని దుకాణంలోనే కొంటున్నాను. మొదటిసారి చూసినప్పుడే ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం గుర్తురానట్టే ఉన్నాం. అది నన్ను "ఏం కావాలండి" అంటుంది. నేను నువ్వనలేక, మీరనలేక, "కిలో కావాలి, పులుసు ముక్కలు కొట్టాలి" అని గోడకి చెప్పినట్టు చెబుతాను. తూకం ఎప్పుడూ మొగ్గు నా వైపే ఉంటుంది.

ఆ ఆదివారం గద్దని పర్సులో పెట్టుకుని వెళ్ళాను. జనం పలచబడేదాకా పక్కన నిలబడ్డాను. అది కత్తిపీట ముందు కూర్చుని పండుగప్ప పొలుసు తీస్తోంది. నేనే మొదలుపెట్టాను. ఆ రోజు నువ్వు రాకముందే తిప్పి చూశానని, తప్పు నాదేనని, నువ్వు దాన్ని ఎందుకు పడుకోబెట్టావో నాకు మొన్నటిదాకా తెలియలేదని చెప్పాను. నువ్వనే వచ్చింది నోటికి.

అది తలెత్తలేదు. పొలుసు తీయడం మాత్రం ఆపింది.

"తీసింది నేనేనండి. వారం రోజులు ఇద్దామనే అనుకున్నాను, మొహం చెల్లలేదు" అంది. చేపని పక్కకి జరిపి, "మా అమ్మకి ఆఖరిదాకా అదే బాధండి. మీ వీధి మొహం చూడలేకపోయింది" అంది.

ఆవిడ పోయి రెండేళ్ళయిందట.  పర్సు తెరిచి, గద్ద ముక్కని తీసి, కాటా పక్కన పొడిగా ఉన్న చెక్క మీద అడ్డంగా, బొమ్మ కిందికి ఉండేలా పెట్టాను. దాని వైపుకి జరిపాను.

అది చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. రెండు వైపులా తుడుచుకుంది, వేళ్ళ మధ్యలో కూడా. ముక్క ఏదో దానికి తెలుసు. తిప్పుతుందని చూస్తున్నాను. తిప్పలేదు. రెండు వేళ్ళతో జాగ్రత్తగా దగ్గరికి లాక్కుని, దాని మీద ఖాళీ చేట ఒకటి బోర్లించింది.

"ఇవాళేగా పెట్టావు. రేపు చూస్తాలే" అంది.