శివప్ప గోడ మీది టెంకాయ చెట్టు

మా వీధి శివప్పకు ‘బాగలేదు’ అని మాత్రం చెప్పకూడదు. చెబితే కోపగించుకోడు, వాదించడు, వేసింది చెరపడు. ఇంకొకటి వేస్తాడు.

గుంతకల్లు చుట్టుపక్కల రైలు గేట్ల దగ్గర ముప్పై నాలుగేళ్లు గేట్‌మన్‌గా పనిచేసి, రెండువేల సంవత్సరంలో రిటైరై, మా పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అన్నేళ్లూ క్వార్టర్స్‌లోనే కాపురం. గోడా రైల్వేదే, రంగూ రైల్వేదే. “ఆ పసుపు సున్నం చూసీ చూసీ నా కండ్లకు కామెర్లొచ్చినాయి సారూ,” అనేవాడు నాతో. నేను బడిపంతులిని.

సొంత ఇల్లు కాగానే గులాబీ రంగు వేశాడు. మా వీధంతా తెల్ల సున్నం. నలుగురూ ఏది వేస్తే అదే వేయడం మా మర్యాద. ఆ మర్యాదకు కాపలాదారు ఎదురు వరసలో ఉండే పిండి మిషన్ బసప్ప. ఎవరింట్లో మేకు ఎక్కడ కొట్టాలో కూడా ఆయన నోటి నుంచే రావాలి.

“ఏమప్పా శివప్పా, ఇది ఇల్లా, పీచుమిఠాయా? ఏం బాగలేదు,” అన్నాడు బసప్ప.

“బాగల్యాదా?” అన్నాడు శివప్ప, చాలా వినయంగా.

మర్నాటికి కిటికీలూ గేటూ కూడా గులాబీ రంగుకు తిరిగాయి.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. నీళ్ల ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. కోటల్లో తులసి చెట్లు కూడా ఎండిపోయాయి. అప్పుడు శివప్ప ప్రహరీ గోడ మీద నిలువెత్తు టెంకాయ చెట్టు గీశాడు.

“నీళ్లడగని చెట్టు సారూ. యాడ చూసినా ఎర్రమన్నే గదా, మన ఇంటికాడన్నా పచ్చగుండనీ,” అన్నాడు.

“కాయల్లేని చెట్టు ఇంటికి మంచిది కాదప్పా,” అన్నాడు బసప్ప.

శివప్ప రెండు కాయలు వేశాడు.

“రెండేనా? చూసేదానికి దరిద్రంగా ఉండాది.”

నాలుగయ్యాయి.

“ఆకుల కన్నా కాయలే ఎక్కువైనాయి గదప్పా.”

ఆరయ్యాయి. అప్పటినుంచి ఒక మాటకు ఒక కాయ లెక్కన చెట్టు విరగకాసింది. నేను కూడా ఒకసారి, “శివప్పా, ఆ మట్ట కొంచెం...” అన్నాను. మాట పూర్తికాకముందే డబ్బా మూత తీశాడు. ఎడమ గెలలో మూడో కాయ నాది.

“చట్నీకి టెంకాయ తెమ్మంటే అంగడికి పోడు. గోడకు మాత్రం గెలలు గెలలు ఏస్తాడు,” అని భార్య తిప్పమ్మ సణిగితే, ఆమె పేరున చిన్న పిందె వేశాడు. ఎంతైనా ఇంటావిడ మాట కదా, కొంచెం లేతగా ఉండాలనుకున్నాడేమో.

శివప్ప ఇంటికి సరిగ్గా ఎదురుగా, బసప్ప ఇంటిని ఆనుకుని హేమావతి ఇల్లు. ఆమె భర్త నారాయణప్ప గూడ్సు గార్డుగా ఉండి జబ్బుచేసి పోయాడు. అతని స్థానంలో ఆమెకు రైల్వే ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. మూడేళ్లుగా ఆ గోడ సున్నం ఎరగదు, ఆ గుమ్మం తోరణం ఎరగదు.

మరుసటి ఉగాది ముందు ఒక సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వస్తూ నీలం రంగు డబ్బా తెచ్చింది. వాకిట్లోనే బసప్ప చూశాడు.

“మొగుడు పోయిన ఇంటికి రంగులేందమ్మా? నలుగురు ఏమనుకుంటారు?”

“నా ఇల్లే గదన్నా,” అంది ఆమె, వినీ వినపడనంత మెల్లగా. డబ్బా చీరకొంగు కింద దాచుకుని లోపలికి పోయింది.

బసప్ప చెప్పిన ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి, అక్కడే ఉన్నాను. నేనేమీ అనుకోనమ్మా అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. శివప్ప కూడా తన గేటు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. చిత్రంగా ఆ మాటకు కాయ వేయలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని, తన గోడ మీద నెమలిని మొదలుపెట్టాడు. పాత ఎర్రజెండా ఒకటి నిచ్చెనకు కట్టాడు. సగం నెమలి అయ్యాక వెనక్కి తిరిగి, “బసప్పన్నా, తోక ఏ పక్క పెడ్తే బాగుంటాది?” అని అడిగాడు.

వీధి నివ్వెరపోయింది. శివప్ప ఒకరిని సలహా అడగడమా? క్షణంలో కబురు పాకింది. బసప్ప కుర్చీ, గొడుగు తెచ్చుకుని గోడ ముందు కూర్చున్నాడు. నేనూ పోయాను. కుడి పక్క అన్నారు కొందరు, ఎడమ పక్క అన్నారు కొందరు. కుడివైపు గీస్తే ఎడమ పక్షం అలిగింది. శివప్ప రెండు పక్షాల మాటా విన్నాడు. మధ్యాహ్నం భోజనాలకు కూడా ఎవరూ కదల్లేదు. పొద్దువాలేసరికి నెమలికి రెండు తోకలు వచ్చాయి.

“ఇంగ చాలప్పా, కండ్లు తిరుగుతాండాయి,” అని బసప్ప కుర్చీ ఎత్తుకుని ఇంటికి తిరిగాడు. తిరిగి అక్కడే ఆగిపోయాడు. ఆయన వెనకే మేమందరం ఆగిపోయాం.

ఎదురిల్లు నీలంగా ఉంది. గోడ నీలం, గడప మీద తెల్లటి ముగ్గు, గుమ్మానికి మామిడాకుల తోరణం. తిప్పమ్మ స్టూలు మీదుంది. హేమావతి మోచేతుల దాకా రంగు పూసుకుని వాకిట్లో నిలబడి ఉంది. పొద్దుటినుంచీ మా వీపుల వెనక ఈ పని జరుగుతుంటే, మేమంతా నెమలి తోకకు న్యాయం చెబుతూ ఉన్నాం.

బసప్ప గొంతు సవరించుకున్నాడు. “ఇదేందమ్మా హేమా? ఏం బాగలేదు.”

హేమావతి గోడ వైపు చూసింది. ఆయన వైపు చూసింది. ఈసారి మాట వీధి చివరిదాకా వినపడింది.

“బాగల్యాదా అన్నా? తిప్పమ్మత్తా, డబ్బా ఇట్లియ్యి. ఇంగో కోటు ఏద్దాం.”

జనం సర్దుకున్నాక, బ్రష్షులు కడుగుతున్న శివప్ప దగ్గరికి పోయాను. “కావాలనే మమ్మల్నందరినీ ఈడ నిలబెట్టినావు కదూ?”

అతను నిచ్చెనకు కట్టిన ఎర్రజెండా విప్పి మడతపెట్టాడు. “ముప్పై నాలుగేండ్లు నేను చేసిన పనేంది సారూ? జనాన్ని నిలబెట్టి రైలును పంపించేదే గదా.”

మరుసటి వారం మా తలుపుకు పచ్చరంగు వేసి, మధ్యలో ఒక మామిడికాయ గీశాను. బసప్ప చూసి బాగలేదన్నాడు. ఇప్పుడు రెండున్నాయి.