టైరుకు క్షమాపణ

చేయని నేరానికి నింద మోసిన టైరుకు క్షమాపణ చెప్పాలా, అక్కర్లేదా? ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత వయసు వచ్చింది, ఈ ప్రశ్నకు మాత్రం నాకు జవాబు దొరకలేదు. మా బాబాయికి ఆ సందేహమే లేదు. చెప్పి తీరాలి. అదీ దానికి వినబడేలా.

మా బాబాయి ఉద్యోగమంతా కోర్టు గుమ్మంలో నిలబడి పేర్లు పిలవడంతో గడిచింది. లోపల జడ్జీలు మారారు, వకీళ్ళు మారారు, ఆయన గొంతు మారలేదు. రిటైరయ్యాక ఆ గొంతు ఇంటికొచ్చింది. దాని వెనకే ఒక పట్టుదల కూడా వచ్చి కూర్చుంది: రుజువు లేనిదే ఎవరినీ ఏమీ అనకూడదు. ‘ఎవరినీ’ అంటే వస్తువులు కూడా లెక్కే. “ఈ పాడు తలుపు...” అని ఎవరైనా విసుక్కుంటే చాలు, “తలుపేం చేసింది? నువ్వు చూశావా?” అంటూ లేచేవాడు.

ఒకసారి మా పిన్ని పొయ్యి పక్కన పెట్టిన పాలు మాయమయ్యాయి. ఇల్లంతా పిల్లిని తిట్టింది. బాబాయి మాత్రం గిన్నెలో నీళ్ళు పోయించి బల్ల మీద పెట్టించి, కింద కాగితం పరిచి, పూటంతా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాగితం తడిసింది. గిన్నెకు చిల్లు! పిల్లిని పిలిచి, కొత్త గిన్నెలో పాలు పోసి, “జరిగినదానికి మా అందరి తరఫునా చింతిస్తున్నాం” అన్నాడు.

“ఆ పిల్లికున్న గౌరవం నాకుంటే ఈ ఇంట్లో మహారాణిలా బతుకుదును” అంది పిన్ని.

అలాంటి మనిషి చేతికి మా అన్నయ్య కారు చిక్కింది. కారు అనడం మన మర్యాద. దాని తలుపు పడాలంటే ఒకరు లోపలి నుంచి లాగాలి, ఇంకొకరు బయటి నుంచి తొయ్యాలి. మా కుటుంబంలో అంత సహకారం మరే పనిలోనూ కుదరలేదు.

ఆ కారు మీదే మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది. ఊరి చివర మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఆవిడకు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. అటు బస్సులు పోవు. కారిస్తానని అన్నయ్య ముందే మాటిచ్చాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా గురువారం నాడు, కూరగాయల మార్కెట్ మలుపులో మా ఆవిడ తోలుతుండగా కుడి ముందు చక్రం డివైడర్ అంచు ఎక్కి దిగింది. సాయంత్రం అన్నయ్య స్టీరింగ్ తిప్పితే ఎక్కడో ‘టంగ్’ మంది.

“ఇన్నేళ్ళు నా చేతిలో నోరెత్తని కారు! ఒక్క దెబ్బకి ఎలా మూలుగుతోందో చూడు” అన్నాడు అన్నయ్య, మా ఆవిడ వినేట్టు.

ఆవిడ తాళం చెవి మేకుకు తగిలించింది. అన్నాల దగ్గర నాతో నెమ్మదిగా అంది: “ఆ ఉద్యోగం రాలేదనుకుంటా లెండి. ఆ కారు నేనిక ముట్టుకోను.” మా ఆవిడ అన్న మాట వెనక్కి తీసుకోవడం నేనెరుగను. అందుకే మర్నాడు పొద్దున్నే వెళ్ళి బాబాయిని తీసుకొచ్చాను. ఆయన సొంత కారును ఆయనే విప్పి ఆయనే బిగించుకునేవాడు. ఎప్పుడూ ఒక బోల్టు మిగిలేది గానీ కారు నడిచేది.

బాబాయి చేతులు మడిచి కారు ముందు నిలబడ్డాడు.

“కుడి ముందు టైరూ! కుడి ముందు టైరూ! కుడి ముందు టైరూ!”

వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

“ఫిర్యాదీ ఎవరు?”

“నేనే” అన్నాడు అన్నయ్య.

“చెడగొట్టడం చూశావా?”

“చూడ్డమేంటి బాబాయ్, చెవులారా విన్నాను.”

“నువ్వు విన్నది శబ్దాన్ని. టైరునీ కాదు, తోలినవాళ్ళనీ కాదు. కూర్చో.”

జాకీ పెట్టి చక్రాన్ని పైకి లేపాడు. ముందు రెండు పక్కలా పట్టుకుని కుదిపాడు. తర్వాత పైనా కిందా పట్టుకుని కుదిపాడు. “ప్రాణాలు తీయగలవాళ్ళని ముందు విచారించాలి” అన్నాడు. ఎక్కడా ఇసుమంత వదులు లేదు. “స్టీరింగ్ కడ్డీ నిర్దోషి. బాల్ జాయింట్ నిర్దోషి. మీరు వెళ్ళొచ్చు.”

“అవి వెళ్ళిపోతే కారేం కాను బాబాయ్?” అన్నాను.

“తమాషాలొద్దు. కోర్టు జరుగుతోంది.”

చక్రాన్ని నేల మీదికి దించి, దాని వెనకనున్న స్ప్రింగు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఇప్పుడెవరైనా స్టీరింగ్ తిప్పాలి. అన్నయ్య లేవబోయాడు.

“నువ్వు ఫిర్యాదీవి, దూరంగా ఉండు. ఇక వీడు” అంటూ నా వైపు చూసి, “వీడి చేతులకి పుస్తకం తప్ప ఇంకేదీ తిరగదు. అమ్మాయీ! నువ్వు రా.”

“నేను ముట్టుకోనన్నాను మావయ్యగారూ” అంది మా ఆవిడ.

“తోలమన్నానా? కూర్చుని తిప్పమన్నాను. నింద పడ్డవాళ్ళు విచారణకి హాజరు కావాలి. రూలు.”

ఆవిడ కూర్చుని తిప్పింది. టంగ్! స్ప్రింగు మీదున్న ఆయన చెయ్యి ఎగిరిపడింది. కనుబొమలు కూడా ఎగిరాయి. అది నేను చూశాను. ఆయన తాపీగా చెయ్యి తుడుచుకుని, “అనుమానాలున్నాయి. రేపటికి వాయిదా” అన్నాడు. వీధి చివర మెకానిక్‌తో ఏదో మాట్లాడి ఇంటికెళ్ళిపోయాడు.

శనివారం వచ్చి, “నిలబడ్డ కారు సగం నిజమే చెబుతుంది” అన్నాడు. ఇదీ విచారణే అనేసరికి మా ఆవిడ కారును వీధి చివరి దాకా నత్తనడకన నడిపింది. ఆయన పక్కసీట్లో కూర్చుని చెవిని డాష్‌బోర్డుకి ఆనించాడు. సాయంత్రం మార్కెట్ మలుపుకి తీసుకెళ్ళమన్నాడు.

“అక్కడికి మాత్రం వద్దు మావయ్యగారూ.”

“ఘటనాస్థలం చూడకుండా తీర్పిస్తే పైకోర్టు కొట్టేస్తుంది తల్లీ.”

ఆ మలుపు తిరిగాం. మళ్ళీ తిరిగాం. వంకాయలమ్మే ఆవిడ మమ్మల్ని చూసి తక్కెడ దించి, “దారి తప్పారా బాబూ?” అని జాలిపడే దాకా తిరిగాం.

ఆదివారం పొద్దున, “వేగంలో ఎలా మోగుతుందో వినాలి” అని మందుల ఫ్యాక్టరీ గేటు దాకా పోనిమ్మన్నాడు.

“ఆ గేటు దాకానే ఎందుకు?” అంది మా ఆవిడ అనుమానంగా.

“ఆ రోడ్డు బాగుంటుందట.”

వెనక సీట్లో నేను పుస్తకం తెరిచి పట్టుకున్నానే గానీ ఒక్క పేజీ తిప్పలేదు. తిరుగు దారిలో మా ఆవిడ అడ్డొచ్చిన ఒక లారీవాడిని కిటికీలోంచి దులిపేసింది. అప్పుడు బాబాయి చెవి డాష్‌బోర్డు మీద లేదు. ఆయన కునుకు తీస్తున్నాడు.

ఆ సాయంత్రం మెకానిక్ వచ్చి, షాక్ అబ్జార్బర్ తల మీదుండే రబ్బరు మౌంటు ఊడదీశాడు. రబ్బరు పగిలి బీటలు వారింది. లోపలి బేరింగు ఎర్రగా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బాబాయి దాన్ని అన్నయ్య ముక్కు కింద పెట్టాడు.

“ఫిర్యాదీ! ఈ తుప్పు గురువారం సాయంత్రం పుట్టిందంటావా?”

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఈలోగా మెకానిక్ కొత్త మౌంటు బిగిస్తూ అన్నాడు: “పోయింది మౌంటేనని శుక్రవారమే చెప్పారు కదండీ! తెచ్చిపెట్టు, ఆదివారం సాయంత్రం దాకా మాత్రం ఇటు రాకు అన్నారు.”

అందరం బాబాయి వైపు తిరిగాం. ఆయన జాకీని మహాశ్రద్ధగా తుడుస్తున్నాడు.

“అయితే ఈ మూడు రోజులూ నన్నెందుకు తిప్పారు మావయ్యగారూ?”

“నేను తిప్పింది శబ్దాన్నమ్మా. నువ్వు దాంతోపాటు తిరిగావు” అన్నాడు తల ఎత్తకుండానే. ఆ వెంటనే కోర్టు గొంతు లేచింది: “ఫిర్యాదీ! టైరుకి చెప్పాల్సింది చెప్పు.”

మా అన్నయ్య పుట్టి బుద్ధెరిగి ఎవరికీ తలవంచిన మనిషి కాడు. ఆయన ఇంటి దారి తప్పినా తప్పు ఇంటిదే. మరదలి ఎదుట ‘తప్పయింది’ అనమంటే ఆయన వల్ల కాదు. టైరంటే వేరు. గొంతుక్కూర్చుని, దాన్ని రెండుసార్లు తట్టి, గొణిగాడు:

“తొందరపడి అన్నాను. పొరపాటు నాదే. నువ్వు... బాగానే తోలావు.”

“టైరు విందో లేదో గానీ బావగారూ, నేను విన్నాను” అంది మా ఆవిడ. “రేపు పొద్దున ఎనిమిదింటికి నాకు కారు కావాలి.”

“తలుపు నేను తోస్తాను” అన్నాడు అన్నయ్య.

మెకానిక్‌తో సహా అందరం పగలబడి నవ్వాం. నవ్వుతూ బాబాయి కోసం చూస్తే ఆయన లేడు. గుమ్మంలో చెప్పులూ లేవు. అద్దంలా మెరిసే జాకీ మాత్రం గోడకు ఆనించి ఉంది. స్టీరింగ్ కడ్డీకీ బాల్ జాయింట్‌కీ “మీరు వెళ్ళొచ్చు” అని చెప్పిన మనిషి, తనకెవరైనా ఆ మాట చెప్పే దాకా ఆగలేదు.