వల్లకాడు పక్క గోలుకు అరవకూడదు

నాకు రాత రాదు. నేను చెప్తా ఉంటే మనవరాలు ఫోన్లో కొడతా ఉంది. ఒక్క మాట కూడా తగ్గించొద్దని చెప్పినాను.

నిన్న తిరువాలంగాడులో నా మనవడి ఫుట్‌బాల్ ఆట చూసినాను. పిల్లోళ్లు వల్లకాడు పక్క గోలు వెనక నిలబడి డప్పు కొడతా, ఈలలేస్తా ఉండారు! నా ఈడోళ్లారా, గుర్తుందా మీకు? బంతి ఆ పక్కకు పోతే మనమంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లం. మనం గమ్మునుంటేనే, ఆ పక్కనుంచి వచ్చే అరుపు మనది కాదని ఆడేవాళ్లకు తెలిసేది.

మా అన్న గోలు కొట్టిన సాయంత్రం మీరూ ఉండారు. ఉడికిన శనక్కాయల వాసనలో బూడిద వాసన కలిసి వస్తా ఉండె. మనలో ఒక్కరూ నోరు తెరవలేదు. అయినా వల్లకాటి కంచె అవతల చప్పట్లు లేచినాయి. అన్నను పేరు పెట్టి పిలిచినారు. అన్న నవ్వి, చెయ్యెత్తి, అటే నడిచినాడు.

మా అమ్మ పరిగెత్తిపోయి వాడి చొక్కా పట్టుకునింది.

"యాడికిరా పోతావు? మేమెవరం అరవలేదు!"

"మరి వాళ్లెవురుమా?"

అమ్మ వాణ్ని ఇంటికి ఈడ్చుకొచ్చేసింది.

"అదంతా పాతకాలం అవ్వా" అని నిన్న పిల్లోళ్లు నవ్వినారు. నవ్వుకోండి. ఆ గోలు వెనక అరిచేది మాత్రం ఆపండి. మీరూ అరిస్తే, పిలిచింది ఎవరో నా మనవడికి ఎట్లా తెలుస్తుంది? మా అన్న ముసలోడై చచ్చిపోయేదాకా మాతోనే ఉన్నాడు. కానీ మేమెంత మెచ్చుకున్నా, "వాళ్లు అరిచినట్టు మీకు రాదు" అని ఆ దిక్కే చూసేవాడు.