బొట్టు మీద ఒట్టు

పదిహేనేళ్ళుగా ఒక పెన్సిలు చుక్కని మోస్తున్నాను. దాని బరువు ఎవరికి చెప్పను? మీకు చెబుతున్నాను.

సముద్రంలో తాబేలెక్కి అక్కుపల్లి నుంచి బారువ దాకా వెళ్ళొచ్చానని పలాస టీ బడ్డీలో సగంమందిని నమ్మించినవాణ్ణి. ఇన్ని కోతలు కోసిన నోరు, ఒక్క నిజం దగ్గర ఎందుకు పడిపోయింది?

టెక్కలి నుంచి ఒకావిడ వచ్చేది. గుడ్డులో పిండం ఎలా రూపు కడుతుందో, అదే ఆవిడ చదువూ, ఉద్యోగమూ, రాసే పుస్తకాలూ. మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అనేవాణ్ణి. ఇసకలో తాబేళ్ళు పెట్టిన గుడ్లని ఆవిడ కంచె వేసుకున్న చోటికి చేర్చడం నా పని. ప్రతి గుడ్డు నెత్తినా పెన్సిలుతో చుక్క పెట్టేది. దాన్ని బొట్టు అనేది. బొట్టు ఎప్పుడూ పైకే ఉండాలి. పిండం పైపెంకుని అంటుకుని ఉంటుందట. గుడ్డు దొర్లితే ఊడి చచ్చిపోతుందట.

ఆ రోజు దారిలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తాబేలు సవారీ కథ చెప్పమన్నారు. చెప్పాను. తాబేలు మునిగే చోట ఒళ్ళు మరిచి నేనూ వంగాను. నెత్తి మీది గుడ్ల బుట్ట బోర్లాపడింది. గుడ్లు పగల్లేదు. దొర్లాయి. తడి ఇసక్కి బొట్లు చెరిగాయి. ఆవిడ దాచమని ఇచ్చిన పెన్సిలు నా జేబులోనే ఉంది. తోచినచోట మళ్ళీ పెట్టేశాను.

ఒక్క పిల్లా బయటికి రాలేదు. ఆవిడ ఒక్కో గుడ్డూ విప్పి చూసి అడిగింది.

“తమ్ముడూ, దార్లో ఏటైనా అయిందేటి?”

“ఏటీ అవలేదప్పా. బొట్టు మీద ఒట్టు.”

“ఊరందరికీ కోతలు కోత్తావు గానీ, నాకాడ అబద్దమాడవురా.”

తరవాత పుస్తకంలో రాసింది: అక్కడి ఇసక వేడిని తనే తప్పుగా అంచనా వేశానని, ఆ చోటు గుడ్లకి పనికిరాదని. తాబేళ్ళని వదిలేసి కోడిగుడ్ల మీదకి మళ్ళింది. మా ఇసక మీద ఆ నింద అచ్చులో అలాగే ఉంది. చివరి పేజీలో నాకు కృతజ్ఞతలు కూడా. ఆ పేజీ పలాస స్టేషను బెంచీ మీద చదివి, ఎక్కాల్సిన రైలు వదిలేశాను. నా కథ బాగుండాలని ఆవిడ పనిని బోర్లేశానా? లేక, అడిగినప్పుడైనా చెప్పలేని పిరికితనమే అసలు తప్పా?

మొన్న బడ్డీలో చెప్పేశాను. “బావా, సవారీ కంటే ఇదే బాగుంది” అని నవ్వారు.

అందుకే రాస్తున్నాను. ఒక నకలు టెక్కలికి పంపుతున్నాను. క్షమించమని అందులో లేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.

పెన్నుతోనే రాశాను. పెన్సిలు పట్టుకోలేను.