ఉతకని తివాచీ

మురికంటే ఎల్‌ఫ్రీడ బైర్లె ఒంటికాలి మీద లేచేది. ఆల్బ్ కొండల దిగువన ఉన్న ఆ ఊళ్ళో అందరిదీ కాస్తో కూస్తో అదే గుణమనుకోండి, కానీ ఈవిడది మరీ విడ్డూరం. వాటాల ఇంట్లో ఊడ్పు వంతు పలక ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం మెట్లు, వీధి గుమ్మం వాళ్ళు శుభ్రం చెయ్యాలి. తన వంతు వస్తే మెట్ల కమ్మీల సందుల్లో పాత పళ్ళ బ్రష్షు పెట్టి మరీ తోమేది. పై వాటాలో హిన్నెర్క్ తోడె వంతు వస్తే మాత్రం ఆవిడకి ఆ వారమంతా అన్నం సయించేది కాదు. ఆయన ఉత్తరాన సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాడు, ఒకప్పుడు ఓడలో వంట చేసేవాడు. ఊళ్ళో దిగి ఎన్నేళ్ళయినా కొత్తవాడి కిందే లెక్క. నాలుగు చీపురు దెబ్బలు వేసి, ఈల వేసుకుంటూ పైకి పోయేవాడు. వెనకాలే ఈవిడ బకెట్ పట్టుకుని బయల్దేరి మెట్లన్నీ మళ్ళీ కడిగేది.

"ఓడ మీదైతే అలలే కడిగిపెట్టేవేమో తోడె గారూ, ఇక్కడ మనుషులే కడుక్కోవాలండీ," అని ఆయనకి వినపడేలా అనేది.

ఇంత శుభ్రం మనిషికి దేవుడు ఇచ్చిన ఉద్యోగమేమిటో తెలుసా? దుమ్ము చల్లడం! ఊరి చివర వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీలో, పరీక్ష గదిలో. పడుచుతనంలో మోటార్లు బిగించే బల్ల దగ్గర చేరింది, నడుము నొప్పి పట్టుకున్నాక ఇటు మారింది. సన్నటి రాతిపొడి తూచి తివాచీ మీద సమంగా చల్లాలి, రోలర్‌తో అదమాలి, యంత్రం నడపాలి, సంచీలోకి ఎంత వచ్చిందో తూచాలి. ఆ తివాచీ ప్రత్యేకంగా నేయించినది, ఏళ్ళ తరబడి యంత్రాల రాకపోకలకి అలవాటుపడ్డది. దాన్ని దులపొచ్చు, బాదొచ్చు, నీళ్ళు మాత్రం తగలకూడదు. తడిసిందా, దాని నూలు గుణమే మారిపోతుంది. ఈ మాట కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది ఎల్‌ఫ్రీడే. ఆ తివాచీ తెచ్చిన రోజున మిగిలిన ముక్కలు పనివాళ్ళు పంచుకున్నారు. ఈవిడ ఒకటి తన హాల్లో పరుచుకుని, ఇంకొకటి హిన్నెర్క్‌కి అంటగట్టింది. ప్రేమతో కాదు, ఆయన బూట్ల చప్పుడు తన నెత్తి మీద వినపడకుండా.

ఆ ఏడు యూరప్ దేశాలన్నిటికీ కలిపి బ్రస్సెల్స్ నుంచి వచ్చిన నిబంధన ఫ్యాక్టరీని ఒక కుదుపు కుదిపింది. సెప్టెంబరు నుంచి తొమ్మిది వందల వాట్లు దాటిన వాక్యూమ్ క్లీనర్ కొత్తగా అమ్మకానికి రాకూడదు. అలాగని దుమ్ము తక్కువ లాగినా ఒప్పుకోరు. కరెంటు తగ్గాలి, పని తగ్గకూడదు. అంతవరకూ డబ్బా మీద వాట్ల అంకె ఎంత పెద్దదైతే యంత్రం అంత గొప్పదని నమ్మిన ఊరది! చర్చి పాటల బృందంలో ఆడవాళ్ళు పాతవి రెండేసి కొని అటక మీద దాచారు. ఎల్‌ఫ్రీడ కూడా మొదట్లో మూతి విరిచింది. ఆ పిచ్చుక ఊపిరికి దుమ్మేం కదులుతుందని ఎగతాళి చేసింది కూడా.

తీరా ఇంజనీరు యొహెన్ మౌహ్ కొత్త యంత్రం తెచ్చి ఇస్తే, నడిపి, సంచీ తూచి, నమ్మలేక మళ్ళీ తూచింది. పాత రాక్షసి మింగినంతా ఇదీ మింగింది! మూతి దగ్గర గాలి దారి మార్చారు, అంతే. చప్పుడు కూడా పిల్లి గురకంత. ఆ రోజు నుంచి ఆవిడ ఎక్కడికెళ్ళినా అదే ముచ్చట. అటక మీద దాచుకున్నవాళ్ళందరినీ పట్టుకుని నవ్వేది. సంబరం అలా ఉన్నా, లోపల బెంగ లేకపోలేదు. బయటి సంస్థ నుంచి పరీక్షాధికారి వచ్చి, కళ్ళారా చూసి సంతకం పెడితేనే ఈ యంత్రం బజారు మొహం చూస్తుంది. లేకపోతే సెప్టెంబరు నుంచి అమ్మడానికి సరుకుండదు, బిగింపు బల్లలన్నీ మూతే. ఆ బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు ఆవిడ ఈడు స్నేహితురాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు.

అధికారి ఒస్టర్‌మాన్ సోమవారం వస్తాడనగా, శనివారం యొహెన్ కంగారులో తివాచీ అంచున కాఫీ ఒలకబోశాడు. గుర్తించకుండానే ఇంటికి పోయాడు. ఎల్‌ఫ్రీడ చూసింది. అంచే కదా, యంత్రం అటు పోదు కదా అని తడిగుడ్డతో ఆ మరక ఒక్కటే తుడిచింది. తుడిచిన చోటు తెల్లగా తేలి, పక్క చోటు మట్టిగొట్టుకుని కనిపించింది. చేతులు ఊరుకుంటాయా? పక్కది తుడిచింది. దాని పక్కది తుడిచింది. సబ్బు తెచ్చింది. పరాయి ఊరి పెద్దమనిషి వస్తుంటే మాసిన తివాచీ ఎలా చూపిస్తామని తనకు తానే సర్దిచెప్పుకుంది. చివరికి తివాచీ కొత్త పెళ్ళికూతురిలా మెరిసింది, ఆవిడ తృప్తిగా ఇంటికెళ్ళి పప్పూ పిండి ముద్దలూ తిని హాయిగా నిద్రపోయింది.

సోమవారం తూకం చూసి యొహెన్ మొహం పాలిపోయింది. సగం దుమ్ము కూడా రాలేదు. ఒస్టర్‌మాన్ తివాచీలని సరిచూడ్డానికి వాడే కొలమానం యంత్రాన్ని నడిపాడు. అదీ చతికిలబడింది. అప్పుడాయన మోకాళ్ళ మీద కూర్చుని తివాచీకి ముక్కు ఆనించాడు.

"లావెండర్ వాసనొస్తోందేమిటండీ?" అన్నాడు.

ఎల్‌ఫ్రీడకి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ కొత్తవాళ్ళందరికీ వల్లెవేయించిన పాఠం తన చేత్తోనే కడిగేసింది! సిగ్గుతో చెవులు కాలిపోతుండగా చెప్పేసింది. యొహెన్ కోప్పడి ఉంటే బాగుండేది. పాపం, అతను కిటికీలోంచి బిగింపు బల్లల వైపు చూస్తూ నిలబడ్డాడు. కొత్త తివాచీ నేసి రావాలంటే వారాలు పడుతుందని, తను మళ్ళీ శరదృతువు దాటాకే రాగలనని ఒస్టర్‌మాన్ చెప్పాడు. మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోవాలట. అదే తానులోది, నీళ్ళు తగలనిది ఇంకో ముక్క ఉంటే తప్ప తను చెయ్యగలిగింది లేదన్నాడు.

నీళ్ళు తగలనిదా? ఈ ఊళ్ళోనా! పంచుకున్నవాళ్ళంతా ఏడాదికి రెండుసార్లు ఉతికి ఆరేసేవాళ్ళే. ఆవిడదైతే నెలనెలా. ఒక్కసారిగా ఎల్‌ఫ్రీడకి ఈల వినపడినట్టయింది. కోటు కూడా తొడుక్కోకుండా సైకిలెక్కింది.

ఊడ్పు పలక ఆ వారం హిన్నెర్క్ తలుపుకే ఉంది. తలుపు బాదేసరికి ఆయన రొట్టెముక్క నములుతూ తీశాడు, ఆవిణ్ణి చూసి నిట్టూర్చాడు.

"మెట్లు సాయంత్రం ఊడుస్తానండీ బైర్లె గారూ."

"మెట్ల సంగతి తర్వాత. నేనిచ్చిన తివాచీ ఎప్పుడైనా ఉతికారా? నిజం చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"ఇంట్లోకి కూడా వచ్చేసిందన్నమాట తనిఖీ. ఉతకలేదు. ఒక్కసారీ లేదు. వాక్యూమ్ లాగుతాను, అంతే. ఇక తిట్టుకోండి."

ఎల్‌ఫ్రీడ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది. ఉన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఇన్నేళ్ళూ నా బద్ధకాన్ని అనని మాట లేదు, ఇవాళ దాని గుమ్మంలోకే వచ్చారు."

"వచ్చానండీ. అనండి, పడతాను. ముందు ఆ బల్ల జరపండి."

చుట్టిన తివాచీకి ముందు ఆయన, వెనక ఆవిడ. సంతవీధి మీదుగా పరుగు లాంటి నడక. పాటల బృందం ఆడవాళ్ళు కూరగాయల సంచులు పట్టుకుని నోళ్ళు తెరిచారు. బైర్లె భుజాన ఉతకని తివాచీ! ఏమనుకుంటే అనుకోనీ అనుకుందావిడ, జన్మలో మొదటిసారి.

ఫ్యాక్టరీ పెరట్లో దాన్ని పొడిగా బాదారు, దులిపారు. ఒస్టర్‌మాన్ కొలమానం యంత్రం నడిపి తూచాడు. రావలసినంతా వచ్చింది. తివాచీ సరైనదేనన్నాడు. ఆ తర్వాత కొత్త యంత్రం. ఎల్‌ఫ్రీడ రాతిపొడి తూచి సమంగా చల్లింది. గది బయట బిగింపు బల్లలవాళ్ళంతా గుమిగూడారు. సంచీ తూకానికి ఎక్కింది. ఒస్టర్‌మాన్ కళ్ళజోడు సర్దుకుని అంకె చూసి, ఆరు నూరైనా నిబంధన దాటని మనిషిలా తాపీగా కలం తీసి సంతకం పెట్టాడు. గెలిచింది! యొహెన్ ఎల్‌ఫ్రీడని కావలించుకున్నాడు, బయట చప్పట్లు మోగాయి. ఎవరో హిన్నెర్క్ చేతిలో బీరు పెట్టారు. ఆనందం పట్టలేక ఎల్‌ఫ్రీడ ఏడ్చేసింది.

సాయంత్రం ఆవిడ పై వాటాకి ఎక్కి, పలక తీసి తన తలుపుకి తగిలించుకుంది. హిన్నెర్క్ బయటికొచ్చి ఇదేమిటన్నాడు.

"ఈ వారం నేను చేస్తాలెండి. మీకు రుణపడ్డాను."

"అయితే వచ్చే వారం మీది నేను చేస్తాను. లెక్క సరి."

ఆవిడ నోరు తెరిచింది. అనబోయిన మాట మింగేసింది. సరేనంది.

తరువాతి వారం మెట్ల మీద నాలుగు చీపురు దెబ్బలు వినపడ్డాయి, ఆ వెనకే పైకి పోతున్న ఈల. ఎల్‌ఫ్రీడ తలుపు వెనక బకెట్ నింపుకుని నిలబడి ఉంది. సందులోంచి చూస్తే మూడో మెట్టు మూలన దుమ్ము అలాగే ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత బకెట్ నీళ్ళు పూలకుండీలో పోసేసింది.